తువాలు కింద ఖాళీ చెయ్యి

ముర్తుజా మొహం కంటే అతని కుడిచెయ్యే అయిదూళ్ల పెద్దలకు బాగా తెలుసు. ఇది ఎగతాళికి అంటున్న మాట కాదు. పత్తి సీజను నడిచినన్నాళ్లూ వారానికి ఒకటి రెండుసార్లు ఆ అయిదుగురూ ఒకరి తరవాత ఒకరు వచ్చి తువాలు కింద ఆ చెయ్యి పట్టుకునేవాళ్లు. పత్తి నింపిన గోనె బోరేల తాళ్లు లాగి లాగి అరచెయ్యి గట్టిపడి ఉండేది. చూపుడువేలి చివరి కణుపు జిన్నింగు మిషన్లో ఎప్పుడో పోయింది. ఆ మొండి వేలు తగిలితే చాలు, కళ్లకు గంతలు కట్టినా ఇది ముర్తుజా చెయ్యేనని ఆ పెద్దల్లో ఒకడైన కోటయ్య ఒట్టేసి చెప్పగలడు.

నరసరావుపేట నుంచి చిలకలూరిపేట వెళ్లే రోడ్డు పక్కన ఒక రేకుల షెడ్డు ఉండేది. అయిదూళ్ల పత్తి అక్కడికి వచ్చేది. ముర్తుజా అక్కడ కాటా వేసేవాడు. నలభై అయిదేళ్ల మనిషి, సన్నగా ఉంటాడు, మాట తక్కువ. వాళ్ల నాన్న కూడా జీవితమంతా కాటా ముందే గడిపాడు. భార్య ఖాతూన్ బీ ఇంట్లో కూచుని చిరిగిన బోరేలకు మాసికలు వేసి షెడ్డుకు పంపేది. పత్తి లేని మొగుణ్ణి తను ఎప్పుడూ చూడలేదని, జుట్టు నెరిసిందో పీచు అంటుకుందో దులిపి చూస్తే గానీ తెలియదని పక్కింటి వాళ్లతో అనేది.

ఆ షెడ్డు పుట్టడమే ఒక వింత. అయిదూళ్ల రైతులు చిలకలూరిపేట మిల్లుల గేట్ల ముందు బండ్లు నిలబెట్టుకుని, ఒకడి కంటే ఒకడు తగ్గించుకుని అమ్ముకుంటూ ఉండేవాళ్లు. అందులో కోటయ్య ఊరికీ, ఇంకో పెద్ద జానకిరామయ్య ఊరికీ అసలు పడదు. ఒక ఖూనీ కేసు గురజాల కోర్టులో ఏడేళ్లు నడిచి, ఎవరికీ శిక్ష పడకుండా, ఎవరి కోపమూ తీరకుండా ముగిసింది. అలాంటి వాళ్లను హైస్కూల్లో సోషల్ చెప్పే దానియేలు మాష్టారు ఒకచోట కూచోబెట్టాడు. ఫ్రాన్సూ జర్మనీ డెబ్భై ఏళ్లలో మూడుసార్లు కొట్టుకు చచ్చాయి, ఆ తరవాత బొగ్గూ ఇనుమూ ఉమ్మడిలో పెట్టుకున్నాయి, ఇప్పుడు తొమ్మిది దేశాలకు ఒకటే సంత, వాళ్లు కలవగా లేనిది మీరు కలవలేరా అని అడిగాడు. వింటున్న వాళ్లలో ఎవరికీ ఫ్రాన్సు ఎక్కడుందో తెలియదు గానీ, కొట్టుకు చావడం అంటే ఏమిటో అందరికీ తెలుసు. షెడ్డు లేచింది. మాష్టారు స్కూల్లో పాతబడ్డ యూరప్ పటం ఒకటి తెచ్చి కాటా వెనక గోడకు తగిలించాడు. చిలకలూరిపేటలో జనం దానికి యూరప్ షెడ్డు అని పేరు పెట్టి నవ్వుకున్నారు.

నవ్వితే నవ్వారు గానీ షెడ్డు నిలబడింది. దానికి కారణం తువాలు. పెద్దలు అయిదుగురూ కలిశారన్న మాటే గానీ, నా రేటు ఇంత అని ఒకడి ముందు ఇంకొకడు నోరు విప్పి చెప్పే రకం కాదు. ముందు చెప్పినవాడు లోకువ అవుతాడు, తరవాత చెప్పినవాడు పోటీకి పోతాడు. అందుకని పశువుల సంత పద్ధతి పెట్టుకున్నారు. ముర్తుజా చేతి మీద తువాలు కప్పుతారు. ఒక్కొక్కరూ వచ్చి దాని కింద వేళ్లు పట్టుకుని తమ లెక్క చెబుతారు. పైవి రెండూ, కిందివి రెండూ వదిలేసి నడిమి లెక్కను ముర్తుజా పైకి చెబుతాడు. ఎవరు ఎంత ఇచ్చారో అతనికి తప్ప ఇంకెవరికీ తెలియదు. తువాలు కింద మాట ఎవరూ బయట అనకూడదు. ఇంకొక్క కట్టడి ఉంది. ఎవరైనా వేలు ఇవ్వకుండా ఖాళీ చెయ్యి పెట్టాడంటే, ఇవాళ నాకు ఇష్టం లేదని అర్థం. అప్పుడు ముర్తుజా ఏమీ చెప్పకుండా తువాలు తీసి భుజాన వేసుకోవాలి. ఆ రోజుకి బేరం లేదు. ఎవరి వల్ల ఆగిందో ఎవరూ అడగరు. ఈ పద్ధతిలో నాలుగైదు సీజన్లు మాట తేడా రాకుండా గడిచాయి.

పంతొమ్మిదివందల ఎనభై రెండు ఏప్రిల్లో గొడవ వచ్చింది. చిలకలూరిపేటలో గడియారం మిల్లు అని ఒకటుంది, వీళ్ల పత్తిలో సగం కొనేది అదే. షెడ్డులో తూచి పంపిన బోరేలు ఆ మిల్లు కాటా మీద రెండేసి మూడేసి కిలోలు తక్కువ తూగుతున్నాయి. ముర్తుజాకు నిద్ర పట్టలేదు. తన ఇరవై కిలోల ఇనప తూకం రాళ్లు రెండు బండిలో వేసుకుని వెళ్లాడు. కాటాకి ఒకవైపు తన రాయి, రెండోవైపు మిల్లు రాయి పెట్టి చూపించాడు. మిల్లు రాయి కిందికి దిగింది, అంటే దానిదే బరువెక్కువ. చుట్టూ బండ్ల వాళ్లు, హమాలీలు యాభై మంది దాకా ఉన్నారు. వాళ్లందరి ముందూ మిల్లు ఓనరు, ఈ దొంగే తన రాళ్లు అరగదీసి తెచ్చాడని కేకలేశాడు. రాళ్లు రెండూ లాక్కుని ముర్తుజాను మెడ మీద చెయ్యేసి గేటు బయటికి నెట్టించాడు.

కొట్టినా అంత బాధ ఉండేది కాదు. కాటా వేసేవాడికి ఉండే ఆస్తి ఏమిటి, వాడి మాట మీద నమ్మకం తప్ప? అది పోతే షెడ్డులో వీపు మీద బోరెం మోసే పనికి కూడా పిలవరు. ముర్తుజా బస్సెక్కకుండా ఆ ఎండలో నడిచే ఇంటికొచ్చాడు. ఖాతూన్ బీ ఏమైందని అడిగితే తలనొప్పి అన్నాడు.

రెండోరోజు పెద్దలు షెడ్డులో కలిశారు. కోటయ్యకు ఒళ్లు మండిపోతోంది. మన కాటా మనిషిని దొంగ అన్నారంటే అయిదూళ్లనీ అన్నట్టేనన్నాడు. రాళ్లు తిరిగిచ్చి, నలుగురి ముందూ ఆ మాట వెనక్కి తీసుకునే దాకా గడియారం మిల్లుకి ఒక్క బోరెం పోకూడదన్నాడు. అందరూ తలలూపారు. ఎన్నాళ్లు ఆపాలి అన్న ప్రశ్న వచ్చేసరికి మాత్రం ఎవరూ ముందుగా నోరు తెరవలేదు. ఎవరో తువాలు ఉందిగా అన్నారు. వేలికో వారం. రేటుకి పనికొచ్చింది దీనికి పనికిరాదా అనుకున్నారు. ఆ రోజు దానియేలు మాష్టారు లేడు. ఉన్నా ఆపేవాడో కాదో చెప్పలేం. ఆయనకు కూడా ఆ షెడ్డు మీద చానా ఆశలుండేవి.

తువాలు కప్పారు. కోటయ్య చెయ్యి మొత్తం పట్టుకున్నాడు, అంటే అయిదు. ఇంకో ఊరి పెద్ద కూడా అయిదే ఇచ్చాడు, మరొకాయన నాలుగు. యల్లమంద ఒక్క వేలు పట్టుకున్నాడు. యల్లమందది చిన్న ఊరు, ఎవరి జోలికీ పోని మనిషి. చివర్లో జానకిరామయ్య వచ్చాడు. ఆ చెయ్యి చెమట పట్టి ఉంది. వేళ్లు కదల్లేదు. ముర్తుజా అరచేతిని ఒకసారి మెల్లగా నొక్కి, ఆయన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

ఖాళీ చెయ్యి. ఏం చెయ్యాలో ముర్తుజాకు తెలుసు. తువాలు తీసి భుజాన వేసుకోవాలి. కానీ అలా వేసుకుంటే ఆ దొంగ అన్న మాట అక్కడే ఉండిపోతుంది. అతని చెవుల్లో అది ఇంకా మోగుతోంది. సున్నా, ఒకటి, నాలుగు, అయిదు, అయిదు. నడిమిది నాలుగు. లెక్క తప్పలేదు కదా అని మనసుకు సర్దిచెప్పుకున్నాడు. నాలుగు వారాలు అన్నాడు పైకి. జానకిరామయ్య తలెత్తి ఒక్కసారి అతని వైపు చూసి మళ్లీ తల దించుకున్నాడు. మంచివాళ్లు తప్పు చేసేటప్పుడు కూడా లెక్క సరిగ్గానే వేస్తారు, వాళ్లతో వచ్చే చిక్కే అది.

ఆ వారమే దానియేలు మాష్టారు పేపరు పట్టుకుని పరిగెత్తుకుంటూ వచ్చాడు. ఎక్కడో సముద్రం మధ్యలో దీవుల కోసం ఇంగ్లండుకీ అర్జెంటీనాకీ తగువొచ్చిందట. యూరప్ సంతలో ఇప్పుడు పది దేశాలు. పదీ ఒక్కమాట మీద నిలబడి, అర్జెంటీనా సరుకు నెలరోజుల పాటు కొనేది లేదన్నాయట. ఇన్నాళ్లూ కలిసి అమ్ముకోవడం నేర్చుకున్నారు, ఇక కలిసి మాట్లాడటం కూడా నేర్చుకున్నారని మాష్టారు మురిసిపోయాడు. కోటయ్య గోడ మీద పటం ముందు నిలబడి మీసం దువ్వుకున్నాడు. యూరప్ తనని చూసే నేర్చుకుందని ఆయన గట్టి అభిప్రాయం. ముర్తుజా మాత్రం పటం వైపు చూడలేదు.

రెండు వారాలు బాగానే గడిచాయి. గడియారం మిల్లు నుంచి రేటు పెంచుతామని కబురొచ్చినా ఎవరూ కదల్లేదు. మూడో వారంలో కోటయ్య ఊరి కుర్రాళ్లు పిడుగురాళ్ల వైపు నుంచి వస్తున్న మిల్లు లారీ మీద రాళ్లు రువ్వారు. డ్రైవరు తల పగిలి ఎనిమిది కుట్లు పడ్డాయి. వాడు ఎవరి తరఫు మనిషీ కాదు, జీతానికి బండి తోలుకునేవాడు. ఆ సాయంత్రమే యల్లమంద షెడ్డుకొచ్చి, పత్తి అమ్ముకోవడానికి కలిశాం గానీ తలలు పగలగొట్టడానికి కాదని చెప్పి, తమ ఊరు ఇక ఇందులో లేదని వెళ్లిపోయాడు. ఒక్క వేలు ఇచ్చినవాడు మూడు వారాలు ఆగాడని ముర్తుజాకు ఒక్కడికే తెలుసు. అతనికి ఆ మనిషి కాళ్లకు దణ్ణం పెట్టాలనిపించింది.

మరో నాలుగు రోజులకు జానకిరామయ్య బండ్లు గడియారం మిల్లుకి వెళ్లాయి. పట్టపగలే, రోడ్డు మీద అందరూ చూస్తుండగానే వెళ్లాయి. ఎందుకో ఖాతూన్ బీ తెలుసుకొచ్చింది. జానకిరామయ్య కూతురు యశోదను గడియారం మిల్లు ఓనరు తమ్ముడి కొడుక్కిచ్చారు. తొలి కాన్పు. నెలలు నిండుతున్నాయి. ఈ గొడవ మొదలైన దగ్గర్నుంచీ పిల్లను పుట్టింటికి పంపట్లేదు. మీ నాన్న బండ్లు గేటు లోపలికి వచ్చిన రోజు నువ్వు గేటు బయటికి వెళ్దువుగాని అన్నారట. బండ్లు వెళ్లాయి. పిల్ల వచ్చింది.

ముర్తుజా ఆ రోజు అన్నం ముందు కూచుని లేచిపోయాడు. ఆ చెమట పట్టిన చెయ్యి ఎందుకు వేలు ఇవ్వలేదో ఇప్పుడు తెలిసింది. తెలిసి ఏం లాభం? ఆయన ముందే వద్దన్నాడు. ఎవరికీ వినపడకుండా, పద్ధతి ప్రకారం వద్దన్నాడు. ఆ మాట విన్నవాడు ప్రపంచంలో తనొక్కడే.

నాలుగు వారాలూ దాటాక కోటయ్య మళ్లీ అందర్నీ పిలిచాడు. ఇంకో నెల పొడిగించాలని, జానకిరామయ్య సంగతి తేల్చాలని. షెడ్డు బయట కోటయ్య ఊరి వాళ్లు ఇరవైమంది, జానకిరామయ్య ఊరి వాళ్లు పదిహేనుమంది నిలబడ్డారు. బీడీలు కాల్చుకుంటున్నారు గానీ ఎవరి రెండో చెయ్యీ ఖాళీగా లేదు, కర్ర ఉంది. గురజాల కోర్టు నాటి మొహాలు అందులో నాలుగైదు ఉన్నాయి.

దానియేలు మాష్టారు కూడా వచ్చాడు. ఈసారి పేపరు మడిచి చంకలో పెట్టుకున్నాడు. కోటయ్యే అడిగాడు, మీ పది దేశాలూ ఏం చేశాయని. మాష్టారు దాచలేదు. నెల గడువు అయిపోయిందని, పొడిగించేటప్పుడు ఇటలీ, ఐర్లండు పక్కకు తప్పుకున్నాయని చెప్పాడు. ఇటలీ నుంచి అర్జెంటీనాకు వెళ్లి స్థిరపడ్డవాళ్లు లక్షల మంది, చుట్టరికాలు ఊరూరా ఉన్నాయి. యుద్ధంలో ఇంగ్లండు ముంచిన అర్జెంటీనా ఓడలో వందల మంది చచ్చాక ఐర్లండుకు మనసొప్పలేదు, మేం సంతకి వచ్చాం గానీ యుద్ధానికి రాలేదంది. యల్లమంద ఆ మాట విని నేల చూపులు చూశాడు.

"అంటే సంత ఇరిగిపోయినట్టేగా మాష్టారూ?" అన్నాడు కోటయ్య.

"లేదు కోటయ్యా. సంత అట్టనే ఉంది. రేపు పొద్దున కూడా ఒకళ్ల సరుకు ఒకళ్లు కొనుక్కుంటారు. బయటివాడితో తగువొచ్చినప్పుడు మాత్రం ఎవరి చుట్టాలు వాళ్లకి గుర్తొస్తారు. నేనే ఎక్కువ ఆశపడ్డా."

ఆయన గొంతులో నిజంగానే బాధ ఉంది. అయిదేళ్ల పాఠం ఒక్క నెలలో తప్పయిందని ఒప్పుకోవడం మాష్టర్లకు తేలికైన పని కాదు. కోటయ్య మాత్రం ఇటలీని క్షమించే స్థితిలో లేడు. జానకిరామయ్య ఎదురుగా వెళ్లి నిలబడ్డాడు.

"అదంతా నాకెందుకు. అయిదుగురం తువాలు కింద చెయ్యి పెట్టాం. నువ్వు ఏలు ఇచ్చావా లేదా? ఇచ్చి మాట తప్పావా లేదా? ఆ ఒక్కటి చెప్పు చాలు."

జానకిరామయ్య ఖాళీ చెయ్యి పెట్టానని ఒక్క మాట అంటే బయటపడతాడు. ఆ ఒక్క మాటే అనకూడదు. షెడ్డు పుట్టిన దగ్గర్నుంచీ ఏ పెద్దా అనలేదు.

"తువాలు కింద సంగతి నన్నడగొద్దు," అన్నాడు.

బయట బీడీలు నేల మీద పడ్డాయి. మాట తప్పినవాడు అని కోటయ్య నోటి నుంచి వస్తే, ఆ మాటతోటే మిగతాది కూడా మొదలవుతుంది. ముర్తుజా కాటా పక్కన నిలబడి ఉన్నాడు. ఎదురుగా ఒక మనిషి, తను చెయ్యని దొంగతనానికి నలుగురి ముందూ నోరు మూసుకుని నిలబడ్డాడు. నెల కిందట మిల్లు గేటు దగ్గర తను నిలబడ్డట్టే. ఆ మనిషిని అక్కడ నిలబెట్టింది గడియారం మిల్లు కాదు. తను. ఊరుకుంటే తన పేరు నిలుస్తుంది. అయిదూళ్ల కాటా అతని చేతిలోనే ఉంటుంది. ఊరుకోకపోతే ఇన్నేళ్ల నమ్మకం ఇవాళ్టితో సరి.

"కోటయ్యన్నా, జానకిరామయ్య మామ ఏలు ఇయ్యలా," అన్నాడు. "ఖాళీ చెయ్యి పెట్టాడు. తువాలు తియ్యాల్సింది నేను. తియ్యలా. నాలుగు వారాలని నేనే చెప్పా."

కోటయ్యకు ముందు అర్థం కాలేదు, తరవాత అర్థమైంది.

"ఎందుకు చెప్పావురా?"

"దొంగ అన్నారుగా నన్ను. ఎట్టయినా ఆ మాట పోవాలని. మిల్లోళ్లు అన్నప్పుడు నేను దొంగని కాదన్నా. ఆ మర్నాడు తువాలు కింద దొంగనయ్యా."

ముర్తుజా తన భుజం మీది తువాలు తీసి, నాలుగు మడతలు పెట్టి, కాటా పళ్లెంలో ఉంచాడు. మిగతా పెద్దలు ఎంతెంత ఇచ్చారో ఎవరూ అడగలేదు, అతను చెప్పలేదు. కోటయ్య ఆ తువాలు వైపు చూసి బయటికి నడిచాడు. ఆయన మనుషులు ఆయన వెనకే వెళ్లారు. రెండో పక్షం కూడా కదిలింది. ఆ రోజు ఎవరికీ దెబ్బ తగల్లేదు.

ఖాతూన్ బీకి ఇంటికొచ్చి చెప్పాడు. ఆమె చేతిలో దబ్బనం ఆపకుండానే వింది. "నెల నించీ నువ్వు అన్నం తినకుండా లేస్తుంటే కడుపులో ఏదో రోగమనుకుని మొక్కుకున్నా. అయిదూళ్లకి చెప్పే ముందు నాకొకదానికి చెబితే నీ సొమ్మేం పోయేది?" అంది. తరవాత అన్నం పెట్టింది. అతను తిన్నాడు.

పది రోజులు షెడ్డు తాళం తియ్యలేదు. పత్తి లోపలే ఉంది, పైన మబ్బు పడుతోంది. ఎవరి బోరేలు వాళ్లు తీసుకుపోయి అమ్ముకోవచ్చు, ఆపేవాళ్లు లేరు. ఒకరిద్దరు మిల్లులకు వెళ్లి అడిగి చూశారు కూడా. గేటు ముందు ఒంటరిగా నిలబడితే ఎంతకు అడుగుతారో, మరిచిపోయింది మళ్లీ గుర్తొచ్చింది. పదకొండో రోజు పొద్దున్నే ఎవరూ పిలవకుండానే పెద్దలు ఒక్కొక్కరే షెడ్డు దగ్గరికొచ్చారు. కోటయ్య కూడా వచ్చాడు, మొహం గంటు పెట్టుకుని. ముర్తుజాకు కబురు పంపింది ఎవరో తెలియదు. వచ్చి తాళం తీసి గుమ్మం దగ్గరే నిలబడ్డాడు. తువాలు ఇంకా కాటా పళ్లెంలోనే ఉంది, దుమ్ము పట్టి. ఎవరూ దాన్ని ముట్టుకోలేదు.

చివర్లో జానకిరామయ్య బండి వచ్చింది. ఆయన దిగి, గడ్డి కింది నుంచి ఒక గోతం లాగి, రెండు చేతులతో మోసుకొచ్చి ముర్తుజా కాళ్ల దగ్గర దింపాడు. లోపల రెండు తూకం రాళ్లు.

"ఆ మాట ఎనక్కి తీసుకోలేదురా. తీసుకునే రకం కాదు," అన్నాడు. "పిల్లని తెచ్చుకునేప్పుడు వీటిని కూడా అడిగా. ఇచ్చారు. నా చేతనైంది ఇంతే."

ముర్తుజా వంగి రాళ్లను తడిమాడు. సర్కారు ముద్ర అలాగే ఉంది. కళ్లు చెమ్మగిల్లితే దాచుకోలేదు. ఇక నుంచి కాటా ఎవరి చేత వేయించుకుంటారో చెబితే తాళం చెవి ఇచ్చేసి పోతానన్నాడు. కోటయ్య గోడ మీద యూరప్ పటం వైపు చూస్తూ దగ్గాడు. యల్లమంద చెప్పులతో నేల గీస్తున్నాడు.

జానకిరామయ్య భుజం మీది కండువా తీశాడు. ముర్తుజా కుడిచెయ్యి పట్టుకుని తన వైపు లాక్కున్నాడు. కండువా దాని మీద కప్పాడు.

"రేటు ఒకటే అడగరా దీని కింద," అన్నాడు. "మిగతాయి నోటితో చెప్పుకుందాం."

కండువా కింద ఆయన వేళ్లు కదిలాయి. మూడు వేళ్లు గట్టిగా పట్టుకున్నాడు, పట్టుకుని వెంటనే వదల్లేదు. ఆయన పక్కకు జరిగాక యల్లమంద వచ్చాడు, తరవాత మిగతా ఇద్దరు. కోటయ్య అందరికంటే చివర వచ్చి, మొండి వేలు తగిలేదాకా తడుముకుని, తన లెక్క ఇచ్చాడు.

ముర్తుజా కళ్లు మూసుకుని అయిదు చేతులూ మళ్లీ ఒకసారి గుర్తు తెచ్చుకున్నాడు. ఒక్కటి కూడా ఖాళీ లేదు. అప్పుడు నడిమి లెక్క పైకి చెప్పాడు.